ప్రకృతి రక్షణలో సాహిత్యం, చరిత్ర: అపోహలు – వాస్తవాలు

అపోహ: అడవులను, నదులను కాపాడటం శాస్త్రవేత్తల పని, అందులో కవులు చేయగలిగింది ఏమీ లేదు.

వాస్తవం: కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో కుంతిప్పుళ నది మీద జలవిద్యుత్ ప్రాజెక్టు కట్టాలని 1970లలో ప్రయత్నం జరిగింది. కడితే సైలెంట్ వ్యాలీ అడవిలో కొంత మునిగిపోయేది. అక్కడ ఏ చెట్లు, ఏ జంతువులు ఉన్నాయో, ఏవి పోతాయో జీవశాస్త్రవేత్తలు వివరంగా చెప్పారు. ఎన్నడూ చూడని ఆ అడవి పోతే తమదే ఏదో పోయినట్టు జనానికి అనిపించేలా చేసింది మాత్రం రచయితలు. చెట్టును స్తుతిస్తూ సుగతకుమారి రాసిన కవిత ఆ అడవిని కాపాడే ఉద్యమ సభల్లో మారుమోగింది. ఓఎన్‌వీ కురుప్ వంటి కవులూ గొంతు కలిపారు. ‘చెట్టు కవులు’ అని వెక్కిరించినా వారు వెనక్కి తగ్గలేదు. 1983లో ప్రభుత్వం ప్రాజెక్టును విరమించుకుంది. 1985లో ఆ అడవి జాతీయ పార్కుగా ప్రారంభమైంది. నివేదిక ఒక్కటే ఉన్నా, కవిత ఒక్కటే ఉన్నా ఈ ఫలితం దక్కేదని నమ్మడం కష్టం.

అపోహ: పాత రాతలు వాతావరణ పరిశోధనకు పనికిరావు.

వాస్తవం: జపాన్‌లోని క్యోటోలో చెర్రీ చెట్లు నిండుగా పూసిన రోజుల వివరాలు 9వ శతాబ్దం నుంచి ఆస్థాన దినచర్య పుస్తకాల్లో దొరుకుతున్నాయి. 2021లో మార్చి 26కే చెట్లు నిండుగా పూశాయి. అప్పటికి 1,200 ఏళ్ల ఆ లెక్కలో అంత ముందుగా పూసిన ఏడాది లేదు. వేడెక్కుతున్న వసంతానికి ఇంత పొడవైన సాక్ష్యం ఏ థర్మామీటరూ ఇవ్వలేదు.

అపోహ: ప్రకృతిని పూజించిన పూర్వికులు దానికి హాని చేయలేదు.

వాస్తవం: మహాభారతంలోని ఇంద్రప్రస్థ కథలోనే ఖాండవవనం ప్రాణులతో సహా కాలిపోతుంది. నిత్యం హారతులందుకునే గంగ మురికిని మోస్తూనే ఉంది. భక్తి పక్కన బాధ్యత, పనితనం ఉన్నచోటే మేలు జరిగింది. తెలుగువారి సప్తసంతానాల్లో కొడుకుతో పాటు చెరువు, వనం, కావ్యం కూడా ఉన్నాయి. చెరువు తవ్వించినవాడి పేరు బిడ్డ వల్ల నిలిచినట్టే నిలుస్తుందన్న ఆ ఊహ ఎన్నో ఊళ్లకు నీళ్లిచ్చింది. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) ఇంకా ముందుకు వెళ్లి, మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను చెబుతుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, మధ్యలో మెరక, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల చాలకపోవడం ఆ దోషాలు.