పెరటిలో దర్జీపిట్ట

ఉగాది దాటి ఎండలు ముదిరేసరికి జగ్గయ్యపేట, నందిగామ పెరళ్ళలో "టోవిట్, టోవిట్" అనే గట్టి కూత వినవస్తుంది. కూత పెద్దదే గాని పిట్ట బరువు 10 గ్రాములైనా ఉండదు. నెత్తి తుప్పురంగు, వీపు ఆకుపచ్చ, తోక నిక్కించుకొని తిరుగుతుంది. ఇదే దర్జీపిట్ట, శాస్త్రనామం ఆర్థోటోమస్ సుటోరియస్.

కుట్టుపని ముఖ్యంగా ఆడపిట్టదే. వంగ, బెండ, మామిడి వంటివాటి వెడల్పాటి ఆకును ఎన్నుకొని, అంచుల వెంట ముక్కుతో సన్నని రంధ్రాలు పొడుస్తుంది. వాటిలోనుంచి సాలీటి దారమో, దూదిపోగో లాగి అంచులను దగ్గరకు చేరుస్తుంది. 2022 వరకు కృష్ణా జిల్లాలోను, నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలోను ఉన్న ఈ మెట్టప్రాంతం ప్రత్తి పండే నేల. కంచెలకు చిక్కిన దూదికి కొరత ఉండదు. పిట్ట ముడి వేస్తుందని కొందరు అంటారు. అది పొరపాటు. రంధ్రం దాటిన పోగు కొస విచ్చుకొని, రివెట్టు తలవలె ఉబ్బుతుంది. ఇక వెనుకకు జారదు.

మరి ఆకు వాడిపోదా? తొడిమ తెగలేదు, ముఖ్యమైన ఈనెలు చెడలేదు. నీరు అందుతూనే ఉంటుంది. ఆ పచ్చదనమే గూటికి మరుగు. చూద్దామని ఆకు విప్పితే రంధ్రాలు చినిగి గ్రుడ్లు జారిపోతవి. సాధారణంగా 3, 4 గ్రుడ్లు; పొదగడానికి సుమారు 12 రోజులు, పిల్లలు ఎగరడానికి మరి 14 రోజులు. కాపు ఉడిగిన వంగమొక్కలను చాలా ఇళ్ళలో పీకివేసేది సరిగా ఈ రోజులలోనే.