గాభరా మాత్రలు – మన జాగ్రత్తలు

"గుండె దడగా ఉంది వదినా, నీ మాత్ర ఒకటి ఇద్దూ" అంటే, కాఫీపొడి అరువిచ్చినంత తేలిగ్గా ఇచ్చేస్తాం. అది తప్పండీ.

ఆల్‌ప్రజోలం, డయాజిపాం వంటి మాత్రలు మెదడు జోరు తగ్గించి నెమ్మదినిస్తాయి. డాక్టరు చెప్పిన మోతాదులో కొద్దిరోజులు వాడితే మేలే. వారాల తరబడి రోజూ వేసుకుంటే శరీరం అలవాటు పడిపోతుంది.

మా అక్కయ్య పాత చీటీతోనే ఏడాదిపాటు మింగింది. ఓనాడు "ఇక చాల్లే" అని ఒక్కసారిగా మానేసింది. నిద్ర పోయింది, చేతులు వణికాయి, మూడోనాడు ఫిట్సు వచ్చాయి! డాక్టరుగారు మళ్లీ మందు మొదలుపెట్టి, నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గించారు.

అందుకే 2014 మార్చి నుంచి వీటిని హెచ్1 షెడ్యూలులో ఉంచారు. చీటీ లేనిదే అమ్మకూడదు. షాపువారు రిజిస్టరులో రాసుకోవాలి.

కోడీన్ ఉన్న దగ్గుమందు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, మద్యం వీటితో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు. పెద్దవాళ్లు రాత్రి లేస్తే తూలి పడతారు. మత్తు వదిలేదాకా స్కూటరు జోలికి పోవద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

మాత్ర వేసుకోవడం సిగ్గుపడే పని కాదమ్మా. అడక్కుండా మొదలుపెట్టకండి, చెప్పకుండా మానకండి. అంతే!