‘త్రే’ విరగని కంప్యూటరు

పూతరేకుల అట్టపెట్టె మీద ‘ఆత్‌రేయపురం’ అని ఉంది. పొల్లు విడిగా, రే విడిగా. సంక్రాంతి ముందు అచ్చయి వచ్చిన పెట్టెలన్నిటి మీదా అదే తప్పు. బొమ్మ చక్కగా వచ్చింది. బోర్లించిన కుండ, దాని మీంచి లేస్తున్న పల్చటి రేకు, వెనకాల కొబ్బరిచెట్లు, గోదారి. ఊరి పేరే విరిగింది.

డిజైను మా మేనల్లుడిది. ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వెళ్లే దారిలో కనపడే దుకాణాల బోర్డుల్లో కొన్ని వాడి చేతివే. పాత కంప్యూటరు మూలపడటంతో కొత్తది కొందామనుకుని, ఆ పెట్టె నా ముందు పెట్టి అడిగాడు. ‘‘మావయ్యా, విండోసా, మాకా, లినక్సా? ఒక్క ముక్కలో చెప్పు.’’ ఒక్క ముక్కలో తేలే విషయం కాదన్నాను. వాడు వెళ్లాక ఆలోచిస్తే తేలుతుందనే అనిపించింది. ఆ ముక్క వాళ్ల ఊరి పేరులోనే ఉంది.

ముందు ఆపరేటింగ్ సిస్టం చేసే పనేమిటో చూద్దాం. డెల్టా వాళ్లకి లస్కరు తెలుసు. నీళ్లు అతనివి కావు, చేలూ అతనివి కావు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ కాలవకి ఎంత వదలాలో చూసేది అతను. కంప్యూటర్లో కలం, తెర, ఫాంటు, ప్రింటరు ఎవరి దారిన వాళ్లు కాచుకుని ఉంటారు. బొమ్మలు వేసే సాఫ్ట్‌వేరుకీ వీటికీ మధ్య తూములు ఎత్తి దించే లస్కరే ఆపరేటింగ్ సిస్టం. బొమ్మ బాగా రావడం అతని చేతిలో లేదు కానీ చెడిపోవడం మాత్రం చాలాసార్లు అతని చేతిలోనే ఉంటుంది.

తెర మీద కలంతో గీయడం విండోసు, మాక్, లినక్సు మూడిటికంటే పాతది. 1963లో ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ తన పీహెచ్‌డీ కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము రాశాడు. గదినిండా ఉన్న టీఎక్స్-2 యంత్రం ముందు కూర్చుని, కాంతి కలంతో తెరని తాకి గీతలు గీశాడు. తూము ముందు ఒక్క రైతే ఉంటే లస్కరుతో పనేముంది? ఆ తర్వాత రెండు దశాబ్దాలకి, 1983లో జపాన్‌లో వాకమ్ కంపెనీ మొదలైంది. వాళ్ల కలానికి బ్యాటరీ ఉండదు. పలక కింద పరిచిన తీగచుట్టలు అయస్కాంత క్షేత్రాన్ని పంపితే, కలంలోని చిన్న చుట్ట ఆ శక్తినే పుచ్చుకుని తిరిగి జవాబిస్తుంది. చెయ్యి ఎంత గట్టిగా నొక్కితే జవాబు అంత మారుతుంది. ఇవాళ్టి మంచి కలాలు ఆ ఒత్తిడిని 8192 మెట్లుగా కొలుస్తాయి.

ఇన్ని మెట్లూ లస్కరు దగ్గర ఆగిపోవచ్చు. విండోసులో కలానికి రెండు కాలవలున్నాయి. పాతది వింటాబ్, కొత్తది విండోస్ ఇంక్. సాఫ్ట్‌వేరు ఒక కాలవ దగ్గర కాచుకుని కూర్చుంటే డ్రైవరు రెండో దాంట్లోకి వదిలిందా, ఒత్తిడి మాయమై కుంచె గీత కరెంటు తీగలా మొదలు నుంచి చివరిదాకా ఒకే లావులో సాగుతుంది. కలం చెడిపోయిందని కొత్తది కొన్నవాళ్లని చూశాను. మార్చాల్సింది సెట్టింగుల్లో ఒక్క టిక్కు. లినక్సులో వాకమ్ డ్రైవరు కెర్నెల్లోనే ఉంటుంది, పలక తగిలిస్తే సాధారణంగా పని మొదలవుతుంది. వేరే కంపెనీల పలక అయితే కొనేముందే ఆరా తీయాలి.

ఫొటోషాపుది మరో కథ. 1987లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న థామస్ నోల్, తన మాక్ తెర మీద నలుపు తెలుపు ఛాయలు చూసుకోవడానికి ఒక చిన్న ప్రోగ్రాము రాసుకున్నాడు. తమ్ముడు జాన్ సినిమా గ్రాఫిక్సు మనిషి, దాంట్లో సరుకుందని పట్టుకున్నాడు. 1990లో అడోబీ దాన్ని మాక్‌కి మాత్రమే విడుదల చేసింది. విండోసు వాళ్లు రెండు మూడేళ్లు ఆగాల్సి వచ్చింది. బొమ్మల పనికి మాకే అన్న మాట అప్పట్లో పుట్టింది, అప్పటికి నిజమే. ఇవాళ ఫొటోషాపు రెండిటి మీదా ఒకేలా నడుస్తుంది కాబట్టి ఆ మాటని ఇంకా పట్టుకుని వేలాడక్కర్లేదు.

1994లో ఫొటోషాపు మూడో వెర్షనులో లేయర్లు వచ్చాయి. ఇది ఆత్రేయపురం వాళ్లకి వేరే చెప్పాలా? జయ బియ్యం పిండిలో ముంచిన గుడ్డని వేడికుండ మీద ఒక్క లాగు లాగితే అవతలి వెలుగు కనపడేంత పల్చటి రేకు. రేకు మీద నెయ్యి, పొడి, మళ్లీ రేకు. కిందది చెడకుండా పైది తీసెయ్యొచ్చు. ఆ రేకు వయసు ముందు ఫొటోషాపు వయసు ఎంత! భౌగోళిక గుర్తింపు మాత్రం దానికి 2023లో గానీ దక్కలేదు.

ఇక అసలు సంగతి, అక్షరం. ‘త్రే’ మన కంటికి ఒకటే అక్షరం. కంప్యూటరు దాన్ని నాలుగు సంకేతాలుగా దాచుకుంటుంది: త, పొల్లు, ర, ఏత్వం. తెర మీద చూపించేటప్పుడు ర వత్తుగా మారి కిందకి దిగాలి, చివర్న వచ్చిన ఏత్వం వెనక్కి వెళ్లి త నెత్తినెక్కాలి. ఇంగ్లీషులో ఇలాంటి తిరకాసు లేదు, ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోవడమే. అందుకే ఇంగ్లీషు కోసం రాసిన ప్రోగ్రాముల చేతిలో మన వత్తులు విరిగిపోయేవి. 1991లోనే యూనికోడులో తెలుగుకి చోటు దొరికినా, పదేళ్ల తర్వాత విండోస్ ఎక్స్‌పీ వచ్చేదాకా మామూలు విండోసులో తెలుగు కుదురుకోలేదు. ఆ ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఫాంటు పేరు గౌతమి. మన గోదారి పాయ పేరే.

అప్పటిదాకా తెలుగు అచ్చు ఆగిందా? ఆగలేదు. డీటీపీ వాళ్లు అడ్డదారి తొక్కారు. ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు దూర్చి, వత్తులూ గుడులూ విడివిడి బొమ్మలుగా పేర్చారు. అను ఫాంట్లు, శ్రీలిపి అలా వచ్చినవే. ఫాంటు తీసేస్తే తెలుగు వాక్యం కాస్తా గజిబిజి ఇంగ్లీషైపోతుంది. అయినా ఆ ఫాంట్ల అందం అందమే. నరసాపురంలో పుట్టిన బాపు చేతిరాత కూడా ఫాంటై, ఇవాళ శుభలేఖల మీద నుంచి మిఠాయి పెట్టెల దాకా పాకింది. తమాషా ఏమిటంటే, చాలామంది డీటీపీ వాళ్లు ‘యాపిల్ కీబోర్డు’ పద్ధతిలో టైపు చేస్తారు కానీ వాళ్ల ముందున్నది విండోసు. 2001 తర్వాత కొత్త వెర్షను లేని పేజ్‌మేకరు ఇంకా తెరిచి కూర్చునే ప్రెస్సులున్నాయి. వాళ్లని వెక్కిరించను. ఇరవయ్యేళ్ల ఫైళ్లు అందులో ఉన్నప్పుడు ఎవరైనా అంతే.

మరి పెట్టె మీద తప్పెలా వచ్చింది? మావాడు ఫొటోషాపులో యూనికోడు తెలుగు వాడాడు, మంచిదే. కానీ టైపు సెట్టింగుల్లో భారతీయ భాషల అమరిక ఎంచుకోవాలి, కొత్త వెర్షన్లలో దాని పేరు వరల్డ్ రెడీ లేఅవుట్. వాడి కంప్యూటర్లో అది సరిగానే ఉంది. ఫైలు ఇంకో చోట తెరిచి అక్షరాల సైజు మార్చారు. అక్కడ ఆ అమరిక లేదు. అక్షరాలని ముందే బొమ్మగా మార్చి పంపి ఉంటే ఈ బాధ ఉండేది కాదు.

ఖరీదైన యంత్రానికి ఇలాంటివి రావనుకుంటే పొరపాటు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లని కుప్పకూల్చింది మన ‘జ్ఞా’. మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు చేర్చి ఎవరైనా పంపితే, ఆ సందేశం తెరిచిన యాప్ పడిపోయేది. మాక్‌లకీ అదే గతి. నెల తిరక్కుండా యాపిల్ సవరణ విడుదల చేసింది. విజ్ఞానం అన్న మాటలో ఉన్న అక్షరమే ఇంత పని చేసిందంటే, విజ్ఞాన వ్యాసాలు రాసుకునే నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

లినక్సులో అక్షరాలు పేర్చే పని హార్ఫ్‌బజ్ చూస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగుని కూర్చేది కూడా అదే. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో లినక్సు తెచ్చింది. సిలికానాంధ్ర ఆధ్వర్యంలో వచ్చిన పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, గిడుగు లాంటి ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, అన్నీ యూనికోడే. బొమ్మలకి క్రిత అనే సాఫ్ట్‌వేరు ఉంది. స్వీడిష్‌లో ఆ మాటకి సుద్దముక్క అని అర్థం. మన చెవికి మాత్రం కృతంలా వినపడుతుంది, అదీ బాగానే ఉంది. అచ్చుకి కావలసిన సీఎంవైకే రంగుల్లోనే అందులో నేరుగా వేసుకోవచ్చు. 1995లో బర్కిలీలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన జింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేరు ఇంకా తెర రంగులైన ఆర్‌జీబీలోనే పని చేసి, చివర్న సీఎంవైకేలోకి మారుస్తుంది. తెర మీది పసుపు అచ్చులో మట్టిరంగైతే పూతరేకు ఎవరు కొంటారు?

మావాడికి చెప్పింది ఇది. ప్రెస్సుతో అను ఫైళ్ల రాకపోకలున్నంత కాలం విండోసు వదలకు. మాక్ మంచిదే, నీ పనికి మాత్రం ఆ అదనపు డబ్బు దండగ. పాత కంప్యూటరు పారెయ్యకు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, పదకొండుకి ఆ యంత్రం సరిపోదు. దాంట్లో లినక్సు ఎక్కించి క్రితలో బొమ్మలు వేసుకో.

మీరూ బొమ్మల పనికి కంప్యూటరు కొంటున్నారా? దుకాణంలో ర్యామ్ ఎంత, ప్రాసెసరేది అని అడగడం అయ్యాక, మీరు వాడబోయే సాఫ్ట్‌వేరు తెరిపించి ‘ఆత్రేయపురం’ అని టైపు చేయించండి. త్రే కుదురుగా వచ్చాకే డబ్బులు తీయండి.