కాపలా కణాలే నరానికి చేటు తెచ్చినప్పుడు
కుష్ఠువ్యాధిలో చేతులు, కాళ్ళు ఎందుకు దెబ్బతింటాయి?

భావనపాడు ఒడ్డున వల లాగే మనిషికైనా, నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసే మనిషికైనా వేళ్ళలో పట్టు, పాదాలలో స్పర్శ ఉండాలి. అరికాలిలో గాజుపెంకు దిగినా తెలియకపోతే, చిటికెన వేలు, ఉంగరపు వేలు ముడుచుకుపోయి తాడు జారిపోతే, ఆ ఇల్లు గడవడం కష్టం. ఇలా కావడానికి షుగరు వంటి కారణాలు కొన్ని ఉన్నాయి. కుష్ఠువ్యాధి మరొక కారణం. సాలూరులోని ఫిలడెల్ఫియా లెప్రసీ ఆసుపత్రి పేరు మన ప్రాంతంలో ఎన్నో కుటుంబాలకు తెలిసినదే.

కుష్ఠు క్రిములు వేళ్ళను తినేస్తాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అసలు నష్టం నరంలో జరుగుతుంది. అందులో మన శరీరాన్ని కాపాడే కణాలకే పెద్ద పాత్ర ఉంది.

నరం లోపల ఏముంది?

నరాన్ని కరెంటు తీగతో పోల్చవచ్చు. లోపలి తీగ వంటిది నరపు పోగు. దాని చుట్టూ తొడుగులా ష్వాన్ కణాలు ఉంటాయి. వాటి మధ్య మాక్రోఫేజ్‌లు అనే రక్షక కణాలు కొద్దిగా కాపలా ఉంటాయి. దెబ్బ తగిలి నరం తెగితే ఇవే పాడైన ముక్కలను తిని శుభ్రం చేస్తాయి. ఆ తరువాత కొత్త పోగు రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. అంటే ఈ కణాలు నరానికి మిత్రులే.

మిత్రుడు శత్రువెలా అవుతాడు?

కుష్ఠు క్రిమిని 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ కనుగొన్నాడు. ఈ క్రిమికి చల్లని చోటు ఇష్టం. అందుకే చర్మానికి దగ్గరగా ఉండే మోచేయి, మణికట్టు, మోకాలి పక్క, చీలమండ, ముఖం నరాలలో చేరి ష్వాన్ కణాలలో దాక్కుంటుంది. దానిని పట్టుకోవడానికి రక్షక కణాలు గుంపులుగా నరంలోకి వస్తాయి. నరం ఉబ్బుతుంది. దాని గట్టి తొడుగు సాగదు కనుక లోపలి పోగులు నలిగిపోతాయి.

2017లో శాస్త్రవేత్తలు జీబ్రా చేప పిల్లలలో ఇంకొక సంగతి చూశారు. క్రిమి పైనున్న ఒక కొవ్వు పదార్థం వల్ల మాక్రోఫేజ్‌లు నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తాయి. అది నరపు పోగులకు శక్తినిచ్చే భాగాలను దెబ్బతీస్తుంది. దొంగ కోసం వేసిన దెబ్బ ఇంటివాడికి తగిలినట్లు!

"మందులు అయిపోయాయి కదా!"

ఎం.డి.టి. మందులు క్రిములను చంపుతాయి. వ్యాధి రకాన్నిబట్టి 6 లేదా 12 నెలలు వాడాలి. ఇవి ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. అయితే చనిపోయిన క్రిముల ముక్కలు చాలాకాలం శరీరంలో ఉంటాయి. వాటిపై రక్షక కణాలు మళ్ళీ రేగవచ్చు. దీనినే రియాక్షన్ అంటారు. ఇది మందులకు ముందు, మందులు వాడుతుండగా, కోర్సు ముగిశాక కూడా రావచ్చు. "నా కోర్సు అయిపోయింది, ఇది అది కాదు" అని ఊరుకోవడం వల్లనే చాలామంది చేతి పట్టు పోగొట్టుకుంటారు.

ఈ గుర్తులు కనబడితే వెంటనే రండి:

• పాత మచ్చలు ఎర్రబడి ఉబ్బడం, లేదా జ్వరంతో ఎర్రని నొప్పి గడ్డలు రావడం
• మోచేతి వెనుక, మోకాలి పక్క నరం నొప్పి, తాకితే జివ్వుమనడం
• కొత్తగా తిమ్మిరి, వేళ్ళలో బలం తగ్గడం, పాదం జారి చెప్పు ఊడిపోవడం
• కన్ను పూర్తిగా మూసుకోకపోవడం, ఎర్రబడడం

ఒక్కొక్కసారి నొప్పి లేకుండానే నరం పాడవుతుంది. కాబట్టి డాక్టరు చెప్పిన తేదీకి వచ్చి స్పర్శ, బలం పరీక్ష చేయించుకోవాలి. రేగిన కణాలను శాంతింపజేయడానికి ప్రెడ్నిసలోన్ మాత్రలు కొన్ని నెలలపాటు ఇస్తారు. 6 నెలలలోపు వచ్చిన నష్టమైతే తిరిగి బాగుపడే అవకాశం ఎక్కువ. ఈ మాత్రలను మెడికల్ షాపులో సొంతంగా కొని వాడవద్దు, హఠాత్తుగా మానవద్దు. ఎం.డి.టి. కోర్సు నడుస్తుంటే దానిని కూడా ఆపవద్దు.

ఇంటిలో చేయవలసినవి

స్పర్శ పోయిన పాదాలను ప్రతి రాత్రి చూసుకోండి. మామూలు నీటిలో కొంతసేపు నానబెట్టి, నూనె రాయండి. ఎం.సి.ఆర్. చెప్పులు లేకుండా ఇసుకలో, ఉప్పు నీటిలో నడవకండి. వేడి గిన్నెను గుడ్డతో పట్టుకోండి.

కుటుంబ సభ్యులకు ఒక మాట. చికిత్స మొదలైన కొద్ది రోజులకే రోగి నుండి ఇతరులకు వ్యాధి సోకదు. కలిసి భోజనం చేయవచ్చు, కలిసి పనిచేయవచ్చు. కుష్ఠువ్యాధిని కారణంగా చూపి విడాకులు కోరే నిబంధనను 2019లో పార్లమెంటు తొలగించింది. మన దేశం 2005 డిసెంబరు నాటికి ఈ వ్యాధిని 10,000 మందికి ఒకరికన్నా తక్కువకు తగ్గించింది. అయినా ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త రోగులలో సగానికి పైగా ఇక్కడివారే. స్పర్శ లేని మచ్చ ఎవరిలో కనబడినా దాచకండి. తొందరగా వస్తే నరం నిలుస్తుంది. నరం నిలిస్తే చేతిలో పని నిలుస్తుంది.