ఆంధ్ర ప్రదేశ్ శాసనసభ నిర్వహణ

ఆంధ్ర ప్రదేశ్ శాసనసభలో 175 మంది సభ్యులుంటారు. 2017 నుండి సమావేశాలు వెలగపూడిలో జరుగుతున్నాయి. సభ తన అధ్యక్షుని తానే ఎన్నుకుంటుంది, తన నియమావళిని తానే రూపొందించుకుంటుంది. వివరమైన పరిశీలనను కమిటీలకు అప్పగిస్తుంది.

సభాపతి

రాజ్యాంగం 178వ అధికరణం ప్రకారం సభ్యులు తమలో ఒకరిని సభాపతిగాను, మరొకరిని ఉపసభాపతిగాను ఎన్నుకుంటారు. కొత్త సభలో ఈ ఎన్నిక జరిగేవరకు గవర్నరు నియమించిన ప్రొటెం స్పీకరు అధ్యక్షత వహిస్తారు. 1956లో రాష్ట్రం ఏర్పడిన తరువాత అయ్యదేవర కాళేశ్వరరావు మొదటి సభాపతి అయ్యారు. 1999లో ఎన్నికైన కె.ప్రతిభా భారతి ఈ పదవి చేపట్టిన తొలి మహిళ. 2024 జూన్‌లో చింతకాయల అయ్యన్నపాత్రుడు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.

అధ్యక్ష స్థానంలో ఉన్నపుడు సభాపతి సాధారణంగా ఓటు వేయరు. ఇరుపక్షాల ఓట్లు సమానమైనపుడు నిర్ణాయక ఓటు వేస్తారు. సభాపతిని తొలగించే తీర్మానానికి 14 రోజుల ముందస్తు నోటీసు మరియు అప్పటి మొత్తం సభ్యులలో మెజారిటీ ఆమోదం అవసరం. పార్టీ ఫిరాయించిన సభ్యుల అనర్హతను నిర్ణయించేది కూడా సభాపతియే. అయితే ఆ నిర్ణయం న్యాయసమీక్షకు లోబడి ఉంటుందని 1992లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది.

నియమావళి

208వ అధికరణం సభకు స్వంత కార్యవిధాన నియమాలు చేసుకొనే అధికారమిచ్చింది. కొన్ని హద్దులను మాత్రం రాజ్యాంగమే నిర్ణయించింది. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటరాదు. కోరం పదిమంది లేదా మొత్తం సభ్యులలో పదవ వంతు, వీటిలో ఏది ఎక్కువైతే అది. ఆ లెక్కన ఈ సభకు కనీసం 18 మంది ఉండాలి. ఏ అంశానికి ఎంత సమయమివ్వాలో సభాపతి అధ్యక్షతన గల సభా వ్యవహారాల సలహా సంఘం సూచిస్తుంది.

కమిటీలు

ఆర్థిక కమిటీలు మూడు: ప్రజా పద్దుల కమిటీ, అంచనాల కమిటీ, ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ. మంత్రులు వీటిలో సభ్యులు కారాదు. ప్రభుత్వ ఖర్చుపై కాగ్ ఇచ్చే నివేదికలను ప్రజా పద్దుల కమిటీ పరిశీలించి, అధికారులను పిలిపించి వివరణ కోరుతుంది. ఖర్చు చేసినవారే లెక్క సరిచూడరాదన్న ఉద్దేశంతో దీని అధ్యక్ష పదవిని ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీగా వచ్చింది.

సభ్యుల ఎన్నిక మాత్రం దామాషా పద్ధతిలో జరుగుతుంది కనుక, సభలో బలం తగ్గిన ప్రతిపక్షానికి స్థానం దక్కకపోవచ్చు. 2024లో 11 స్థానాలు గెలిచిన వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పార్టీ నవంబరులో జరిగిన ఈ కమిటీ ఎన్నికను బహిష్కరించింది. జనసేన సభ్యుడు పులపర్తి రామాంజనేయులు అధ్యక్షుడయ్యారు. జనసేన అధికార కూటమిలోని పార్టీ. సభ నిర్వహణలో వ్రాసి ఉన్న నియమంతో పాటు సంప్రదాయం పాత్ర, దాని పరిమితి ఈ ఉదాహరణలో తెలుస్తాయి.