తన రక్తమే తనకు మందగునా?

మా అక్కయ్య చాలకాలముగా మోకాళ్ళ నొప్పితో బాధపడుచున్నది. మెట్లు ఎక్కుట కష్టము. దిగుట అంతకంటె కష్టము. గత వేసవిలో ఒకనాడు వైద్యుని చూచి ఇంటికి వచ్చి, కాళ్ళు చాపుకొని కూర్చుండి, నన్ను పిలిచి ఇట్లనినది: “ఒరే తమ్ముడూ, నా రక్తమే తీసి, దానిని తిప్పి, మళ్ళీ నా మోకాలికే ఎక్కిస్తారటరా! మూడు సూదులట. అరిగిన కీలు మళ్ళీ పుడుతుందంటావా? పుట్టేటట్టయితే ఈ గాజులు రెండూ తీసి ఇచ్చేస్తాను.”

ఆ ప్రశ్నకు నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. తరువాత చదివి, తెలిసినవారిని అడిగి గ్రహించిన సంగతులనే ఇప్పుడు శ్రోతలకు మనవి చేయుచున్నాను. ఇటువంటి ప్రశ్న అనేక గృహములలో పుట్టుచున్నది గనుక ఇది మా ఇంటి ముచ్చటగా మాత్రమే మిగిలిపోదని నా నమ్మకము.

ఈ చికిత్సకు ప్లేట్‌లెట్లు అధికముగా గల ప్లాస్మా సూది యని పేరు. వైద్యులు పొడి అక్షరములతో పి.ఆర్.పి. యందురు. ప్లేట్‌లెట్లు అనగానేమో మన ఇండ్లలో తెలియనివారు లేరు. డెంగీ జ్వరము వచ్చినప్పుడెల్ల ఆ లెక్కకొరకే కదా ఆస్పత్రి గుమ్మము వద్ద కాచుకొనియుందుము! ఆరోగ్యవంతుని రక్తములో ఒక ఘన మిల్లీమీటరునకు లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షల వరకు ఇవి ఉండును. రక్తకణములలో మిక్కిలి చిన్నవి ఇవే. వీని ఆయువు ఏడు నుండి పది దినములు. 1882లో ఇటలీ దేశీయుడైన బిట్సొజెరో అను శాస్త్రజ్ఞుడు, గాయము తగిలినచోట ఇవి ఒకదానికొకటి అంటుకొని రక్తస్రావమును ఆపుచున్నవని తేటపరచెను.

అయితే వీని పని గాయమునకు అడ్డుకట్ట వేయుటతో ముగియదు. ప్రతి ప్లేట్‌లెట్‌లోను సూక్ష్మమైన రేణువులు కలవు. అవి విచ్చుకొన్నప్పుడు వృద్ధికారకములను ప్రోటీనులు వెలువడును. చుట్టునున్న కణములను పెరుగుమనియు, కొత్త రక్తనాళములను వేయుమనియు హెచ్చరించు దూతలవంటివి ఇవి. ప్లేట్‌లెట్లనుండి వచ్చు ఇట్టి కారకమొకటి 1974లో వెల్లడియైనది.

ఇక స్నాయుబంధనముల సంగతి. కండరమును ఎముకతో కట్టియుంచు గట్టి త్రాళ్ళు ఇవి. వీనికి రక్తప్రసారము స్వల్పము. కీలులో ఎముకల చివరలను కప్పియుండు మృదులాస్థికి రక్తనాళములు బొత్తిగా లేవు. చర్మము తెగినచో వారము పది దినములలో అతుకుకొనును. కాని మడమ వెనుక త్రాడు దెబ్బతిన్నచో నెలలు పట్టును. రక్తము చాలినంతగా చేరని చోటికి, రక్తములోని మరమ్మతు సామగ్రిని మనమే చేర్చినచో ఎట్లుండును? ఈ ఊహయే ఈ చికిత్సకు మూలము.

చేయు విధానము కష్టమైనది కాదు. ముంజేతి సిరనుండి పదిహేను మొదలు అరువది మిల్లీలీటర్ల వరకు రక్తము తీసి, గడ్డకట్టకుండ సిట్రేటు కలిపి, వేగముగా తిరుగు యంత్రములో కొన్ని నిమిషములుంచుదురు. పాలనుండి మీగడ తీయు యంత్రమును చూచినవారికి ఇది సులభముగా బోధపడును. బరువైన ఎర్రకణములు అడుగునకు దిగును. పైన పసుపువన్నె ప్లాస్మా తేలును. నడుమ పలుచని తెల్లని పొర నిలుచును. ఆ పొర చెంతనుండు భాగములో ప్లేట్‌లెట్లు సాధారణ రక్తములోకంటె కొన్నిరెట్లు అధికముగా ఉండును. దానిని కొద్ది మిల్లీలీటర్లు తీసి, అల్ట్రాసౌండు తెరపై చోటు చూచుకొనుచు నొప్పియున్న భాగములో ఎక్కింతురు.

1990 దశకము చివర దవడ ఎముకల శస్త్రచికిత్సలో దీనిని వాడిరి. 2009 ఫిబ్రవరిలో అమెరికా ఫుట్‌బాల్ క్రీడాకారుడు హైన్స్ వార్డ్ మోకాలికి ఈ సూది వేయించుకొని సూపర్ బౌల్ పోటీలో ఆడుటతో దీని పేరు మారుమ్రోగినది. ఆటగాడు ఆడెను, జట్టు గెలిచెను. అయితే సూది లేకున్నచో ఆయన ఆడలేకపోయెడివాడా? ఒక్క మనిషిని చూచి ఈ ప్రశ్నకు బదులు చెప్పుట ఎవరితరమును కాదు.

అందులకే పరీక్షలు. 2010లో నెదర్లాండ్స్ దేశమున మోచేతి నొప్పి, అనగా టెన్నిస్ ఎల్బో, గల నూరుమందిలో కొందరికి ఈ సూదియు, కొందరికి స్టెరాయిడ్ సూదియు వేసి చూచిరి. ఏడాది గడచుసరికి ప్లాస్మా పొందినవారే మేలుగా ఉండిరి. ఆశ కలిగించు ఫలితమే. కాని ఇందులో ఒక మెలిక కలదు. మోచేతి నొప్పికి స్టెరాయిడ్ తొలివారములలో ఉపశమనము నిచ్చినను, ఏడాది నాటికి ఏ సూదియు లేనివారికంటె రోగిని వెనుకబడవేయుట ఇతర పరీక్షలలో కనబడినది. వెనుకబడినవానితో పరుగెత్తి గెలిచినంతమాత్రమున వేగము రుజువు కాదు గదా!

కావున ఉప్పునీటితో పోల్చి చూడవలసి వచ్చినది. 2010లోనే అదే దేశమున మడమ త్రాటి నొప్పి గల 54 మందికి వ్యాయామము నేర్పి, సగముమందికి ప్లాస్మాను, సగముమందికి ఉప్పునీటిని ఎక్కించిరి. ఇరువది నాలుగు వారములకు రెండు తెగలకును భేదము కనబడలేదు. 2021లో ఆస్ట్రేలియాలో, మోకీలు అరుగుదల గల 288 మందితో ఇంకను పెద్ద పరీక్ష జరిగినది. అందరివద్దను రక్తము తీసిరి. సూదిలో ఏమున్నదో రోగికి తెలియకుండ కప్పియుంచిరి. వారమున కొకటి చొప్పున మూడు సూదులు వేసిరి. ఏడాది తరువాత పదికి లెక్కించు నొప్పి కొలతలో ప్లాస్మా వారికి 2.1, ఉప్పునీటి వారికి 1.8 తగ్గినది. ఈ స్వల్పభేదము లెక్కకు రాదని తేల్చిరి. మృదులాస్థి అరుగుటయు ఇరుపక్షములలోను ఇంచుమించు సమానముగనే సాగినది.

ఉప్పునీటికి నొప్పి ఎట్లు తగ్గినదని మీరు అడుగవచ్చును. మనము వైద్యునివద్దకు పోవునది నొప్పి ముదిరినప్పుడు. ముదిరిన నొప్పి కొంతకాలమునకు తనంత తానే తగ్గుట కలదు. మంచి జరుగునను నమ్మిక కూడ నొప్పిని తగ్గించును. సూది వేయించుకొని బాగుపడితిమను వారు అబద్ధమాడుట లేదు. బాగుపడుట నిజమే, దానికి కారణము సూదియేనా యనునదే ప్రశ్న.

అట్లని ఈ చికిత్స వట్టిదని త్రోసివేయుటయు తొందరపాటే. మేలు కనబడినదని చెప్పు చిన్న పరీక్షలును కలవు. ప్లేట్‌లెట్ల సంఖ్య, తెల్లకణముల పాలు, తయారుచేయు పద్ధతి ఒకచోటికిని మరొకచోటికిని మారుచున్నవి. ఒకే పేరుతో పలు మందులు చలామణి యగుచున్నవన్నమాట. తన రక్తమే గనుక వికటించుట అరుదు. కొన్ని దినములు నొప్పి హెచ్చుట మాత్రము సామాన్యము. రక్తమును పలుచన చేయు మందులు వాడువారు, ప్లేట్‌లెట్లు తక్కువైనవారు, ఒంటిలో చీము లేక జ్వరమున్నవారు ముందుగా వైద్యునికి తప్పక తెలుపవలెను.

ఇవన్నియు మా అక్కయ్యకు చెప్పి, “అరిగిన కీలు మళ్ళీ పుడుతుందన్న రుజువు లేదు, అక్కయ్యా” అంటిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, “మరి నేనేం చేయనురా?” అనినది. ఆ మాటకు బదులు నా వద్ద ఉన్నది. తొడకండరమును బలపరచు వ్యాయామమును, బరువు తగ్గుటయును మోకాళ్ళకు మేలు చేయునని గట్టిగా రుజువైనది. ఒంటిబరువు ఒక కిలో తగ్గినచో, వేయు ప్రతి అడుగునను మోకాలిపై నాలుగు కిలోల భారము తగ్గును.

ఇప్పుడామె ఉదయము వార్తలు వచ్చునంతసేపు రేడియో ప్రక్క కుర్చీలో కూర్చుండి, ఒక్కొక్క కాలును చాచి, పది లెక్కించి దించుచుండును. నొప్పి పూర్తిగా పోలేదు. కాని మేడమీదికి ఎక్కి బట్టలు ఆరవేసి వచ్చుచున్నది. సూది మాట మానుకొనలేదు. వైద్యుని అడుగుటకు నాలుగు ప్రశ్నలు కాగితముపై వ్రాయించుకొన్నది: నా కీలు ఎంత అరిగినది? ఈ సూదివలన నాకేమి మేలు కలుగును? మేలు కలుగకున్నచో తరువాత ఏమి చేయుదురు? మొత్తము ఖర్చెంత? గాజులు ఇప్పటికి చేతులకే ఉన్నవి.