మంచు అఖాతం పక్కన మంచు కొండ



అనకాపల్లి నుంచి సముద్రం వైపు పోతే పూడిమడక వస్తుంది. అక్కడ కనబడేది బంగాళాఖాతం. అఖాతం అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రం.

భూమికి దక్షిణపు కొసన అంటార్కిటికా ఖండం ఉంది. అక్కడా ఒక పెద్ద అఖాతం ఉంది. దాని పేరు వెడ్డెల్ సముద్రం. ఒడ్డు దగ్గర నీళ్లమీద మంచు పలక తేలుతూ ఉంటుంది. దాని మందం వందల మీటర్లు. ఆ పలకకు పడమట ఎత్తైన కొండలున్నాయి. వాటిలో పెద్దది విన్సన్ కొండ.

దాని ఎత్తు 4,892 మీటర్లు. మన మన్యంలోని అర్మకొండలు రెండు ఒకదానిమీద ఒకటి పెట్టినా దాని కొన అందదు. అక్కడ ఊరు లేదు, చెట్టు లేదు.

అంత చలి ఎందుకు? పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతుంది. అందుకే చురుక్కుమనదు. అక్కడ ఎండ ఎప్పుడూ అలాంటిదే. ఆ కాస్త ఎండనీ తెల్లని మంచు తిప్పికొడుతుంది. ఏడాదిలో పడే మంచు కొంచెమే. కానీ అది కరగదు. పొదుపు సంఘంలో రూపాయి రూపాయి చేరినట్టు వేల ఏళ్లుగా పేరుకుపోయింది.

ఆ కొండను మన తెలుగు పిల్ల ఎక్కింది. ఆమె మాలావత్ పూర్ణ. ఊరు నిజామాబాద్ జిల్లా పాకాల. అమ్మానాన్నలు కూలిపని చేసేవారు. పూర్ణ గురుకుల పాఠశాలలో చదివింది. 2014లో ఎవరెస్టు ఎక్కింది. 2019 డిసెంబరు 26న విన్సన్ ఎక్కింది. మనకు డిసెంబరు చలికాలం. అక్కడ అది వేసవి. రాత్రి కూడా పొద్దు గుంకదు. అయినా తాగే నీటికి మంచునే పొయ్యిమీద కరిగించుకోవాలి.

"అంత దూరపు మంచుతో మనకేం పని?" అంటారా? ఉంది. బొగ్గు, పెట్రోలు మండించిన పొగవల్ల భూమి వేడెక్కుతోంది. ఆ ఖండంలో కొన్నిచోట్ల నేలమీది మంచు తరిగి సముద్రంలో కలుస్తోంది. సముద్రాలన్నీ ఒకదానితో ఒకటి కలిసే ఉన్నాయి. నీటిమట్టం ఏటా పెరుగుతోంది. ఏడాదికి బియ్యపు గింజంత కూడా కాదు. కానీ పొదుపులాగే అదీ పేరుకుంటుంది. పూడిమడక ఒడ్డున ఇళ్లున్నవారికి అది చిన్న సంగతి కాదు.

ప్రపంచ పటం ఒకటి తెచ్చి చూడండి. అట్టడుగున తెల్లగా ఉన్నది అంటార్కిటికా. ఆ పేరు మీరే కూడబలుక్కుని చదవండి. తరవాత మీ పిల్లలకు చూపించండి.